మా అమ్మ రౌండ్స్‌లో నెగ్గిన హోమ్ నర్సింగ్ సర్వీస్

సికింద్రాబాద్, మల్కాజిగిరి, సైనిక్‌పురి వైపు ఇళ్ళకు అటెండెంట్లనూ నర్సులనూ పంపే సంస్థ ఇది. అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పుడు వీళ్ళ సేవ తీసుకున్నాం. తర్వాత పక్షవాతం వచ్చి పూర్తిగా మంచం పట్టినప్పుడూ వీళ్ళే చూశారు. ఈ వేసవిలో, తన 85వ ఏట అమ్మ పోయేదాకా వీళ్ళనే ఉంచుకున్నాం.

ఇలాంటి సేవల గురించి మనం సాధారణంగా "అమ్మాయి మంచిది, టైముకు వస్తుంది" అని రాస్తాం. అంతకంటే ఎక్కువ రాయడానికి మనకు తెలిసేది కూడా తక్కువే. పక్క సరిగ్గా వేశారా, మడమ ఎర్రబడిందా, యూరిన్ బ్యాగు ఎత్తులో వేలాడుతోందా అన్నది ఆఫీసుకు వెళ్ళివచ్చే కొడుకులకూ కూతుళ్ళకూ కనపడదు. మా ఇంట్లో మాత్రం అన్నీ కనపడేవి. మంచం మీదున్న మనిషి మిలిటరీ నర్సు. రోజూ పొద్దున అటెండెంటు వచ్చి నిలబడగానే పడుకున్న చోటి నుంచే రౌండ్స్ మొదలయ్యేవి.

అమ్మ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూలో దేన్ని మంచి అంటున్నానో, దేన్ని చెడు అంటున్నానో అర్థం కాదు. అమ్మ పుట్టింది 1940లో, గుంటూరు దగ్గర పల్లెలో. 1958లో గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చేరింది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చి ఆడవాళ్ళకూ పిల్లలకూ వైద్యం మొదలుపెట్టిన ఊరది. చదువయ్యే సమయానికి చైనా యుద్ధం వచ్చింది. 1963లో మిలిటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంట్‌గా చేరింది. అప్పటికి అమ్మ గుంటూరు జిల్లా దాటి ఎరగదు, హిందీ ముక్క రాదు. తాతయ్య వద్దన్నాడు. నాయనమ్మ, అంటే అమ్మకు నాయనమ్మ, "దాన్ని వెళ్ళనీయరా, దాని చెయ్యి మంచిది" అందట.

మిలిటరీ నర్సులంటే సైన్యానికి సాయం చేసే సివిలియన్లు అనుకుంటారు చాలామంది. వాళ్ళు ఆఫీసర్లు. 1888 మార్చి 28న పదిమంది నర్సులు బొంబాయిలో ఓడ దిగడంతో మన దేశంలో ఈ సర్వీసు మొదలైంది. 1943 ఆర్డినెన్సుతో వీళ్ళు కమిషన్డ్ ఆఫీసర్లయ్యారు. 1976లో గర్ట్రూడ్ ఆలిస్ రామ్ మేజర్ జనరల్ అయినప్పుడు, మన సైన్యంలో ఆ ర్యాంకు అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే, అంటే ఒక నర్సు. అప్పటికి అమ్మ సర్వీసు వదిలేసి మూడేళ్ళయింది. అయినా ఆ పేరు మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

అమ్మ పుణెలో పనిచేసింది. 1971లో కలకత్తా కమాండ్ ఆసుపత్రిలో ఉంది. ఆ డిసెంబరు 3 నుంచి 16 దాకా జరిగిన యుద్ధం గురించి అడిగితే తుపాకుల మాట ఎత్తేది కాదు, మంచాల మాటే చెప్పేది. మంచాలు చాలక వరండాల్లో వేశారని, మందుపాతరలకు కాళ్ళు పోయిన కుర్రవాళ్ళు లేని పాదం దురద పెడుతోందని అర్ధరాత్రి పిలిచేవాళ్ళని, వాళ్ళను తర్వాత కృత్రిమ అవయవాల కోసం పుణె పంపేవాళ్ళని చెప్పేది. మన తెలుగు జవాన్లకు ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేదట. "కాలు పోయిందని రాయొద్దు సిస్టర్, దెబ్బ తగిలింది, తగ్గుతుంది అని రాయండి" అనేవాళ్ళట. అమ్మ అలాగే రాసేది. ఆ ఇంట్లో వాళ్ళమ్మ ఎలా చదువుకుని ఉంటుందో అని ముసలితనంలో కూడా తలుచుకునేది.

1973లో నాన్నతో పెళ్ళి కుదిరాక రాజీనామా ఇచ్చి కెప్టెన్‌గా బయటికొచ్చింది. పెన్షన్ లేదు. పెన్షన్ వచ్చే మాజీ సైనికులకు ఉండే ఈసీహెచ్ఎస్ వైద్యం కూడా లేదు. అందుకే ముసలితనంలో ఖర్చంతా పిల్లలదే, అంటే మాదే. పెళ్ళి చేసుకుందని 1988లో ఉద్యోగం తీసేసిన ఒక మిలిటరీ నర్సుకు 60 లక్షలు కట్టమని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆవిడ పనిచేసింది ఇక్కడే, సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో. పెళ్ళి కారణంగా పంపించేయొచ్చన్న ఆ నిబంధన 1995 దాకా ఉంది. పేపర్లో ఈ వార్త నేను చదివి వినిపిస్తే అమ్మ రెండోసారి చదవమంది. "మగ ఆఫీసర్ల పెళ్ళికి మేమే పూలదండలు తెచ్చేవాళ్ళం" అంది. ఆ మాటలోని బాధ అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. ముగ్గురు పిల్లలం. అమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంది, పగలు మా దగ్గర ఉండొచ్చని. పొద్దున ఎనిమిదికి వచ్చి నాకు జడలు వేసి, తమ్ముళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసి, మేం వెళ్ళాక పడుకునేది. మేం వచ్చేసరికి లేచి ఉండేది. మేం ముగ్గురం చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నది ఆ నైట్ డ్యూటీల మీదే. అమ్మ ఎప్పుడు నిద్రపోయేదో మాకు అప్పుడు తెలియదు.

ఇక సర్వీసు సంగతి.

మొదట వేరే సంస్థను పిలిచాం. దాని పేరు రాయను. వాళ్ళు పంపిన అమ్మాయికి శిక్షణ లేదు. ఆ తప్పు ఆ పిల్లది కాదు. డైపర్ మార్చడం కూడా ఎవరూ నేర్పకుండా ఒక ముసలామె ప్రాణం ఆమె చేతుల్లో పెట్టి పంపారు. అమ్మే ఆమెను ఆపి, కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆ సాయంత్రం వెనక్కి పంపించమంది. మర్నాడు ఈ సంస్థకు ఫోన్ చేశాం.

వీళ్ళు అటెండెంటును వెంటనే పంపలేదు. ముందు ఒక సీనియర్ నర్సు వచ్చింది. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి ఆసుపత్రుల్లో చాలాకాలం చేసిన మనిషి, యాభై దాటి ఉంటాయి. గుమ్మంలో చెప్పులు విడిచి, నేరుగా వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. ఆ తర్వాతే "నమస్తే అమ్మా" అంది. అమ్మ నావైపు చూసింది. ఆ చూపుతోనే ఆమెకు సగం మార్కులు పడిపోయాయని నాకు తెలిసింది.

ఆవిడ చేసిన పని వరసగా చెబుతాను. దుప్పటి తీసి అమ్మను పక్కకు ఒత్తిగిల్లించి వీపు, నడుము కింద, తుంటి, రెండు మడమలు చూసింది. కుడి మడమ మీద ఎర్రటి మచ్చ ఉంది. దాన్ని వేలితో నొక్కి వదిలింది. నొక్కినచోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పరవాలేదు, రక్తం పారుతున్నట్టే. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అమ్మకు తెల్లబడింది. "ఇంకా పుండు దాకా రాలేదమ్మా, ఇవాళే పట్టుకున్నాం" అంది. తర్వాత పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చేసింది. మడమ కింద దిండు పెట్టలేదు, పిక్క కింద పెట్టింది. ఈ చిన్న తేడా తెలియకే ఎంతమంది ఇళ్ళలో మడమ పుండ్లు పడతాయో.

అప్పుడు అమ్మ అడిగింది: "స్పిరిట్, పౌడర్ ఏవమ్మా? బ్యాక్ కేర్ చెయ్యవా?" అమ్మ రోజుల్లో మంచం పట్టిన ప్రతి జవానుకూ పూటపూటా వీపు స్పిరిట్‌తో రుద్ది పౌడర్ వేసేవాళ్ళు. అలా చేయని నర్సును మేట్రన్ వరండాలో నిలబెట్టేదట. వచ్చిన నర్సు తడబడలేదు. "మేము చదివినప్పుడూ అదే చెప్పారమ్మా. ఇప్పుడు ఎర్రబడిన చోట రుద్దొద్దంటున్నారు. లోపల కణజాలం అప్పటికే నలిగి ఉంటుంది, రుద్దితే ఇంకా చితుకుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగొడుతుంది. మెత్తగా కడిగి, తడి అద్ది, మాయిశ్చరైజర్ రాస్తాం. బరువు తీసేయడమే మందు" అంది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, మీ పద్ధతే చెయ్యి. రెండు గంటలకోసారి తిప్పడం మాత్రం మా కాలందే కదా" అంది. "అదేం మారలేదమ్మా" అందామె. ఇద్దరూ నవ్వుకున్నారు. 80 దాటిన మనిషి, యాభై ఏళ్ళు నమ్మిన పద్ధతిని కారణం చెబితే వదిలేయడం నేను కళ్ళారా చూశాను. ఆ కారణాన్ని ఓపిగ్గా, గౌరవంగా చెప్పగల నర్సును పంపినందుకు ఈ సంస్థకు నా మొదటి కృతజ్ఞత.

తర్వాత వచ్చిన అటెండెంటు ఖమ్మం వైపు అమ్మాయి. పేరు రాయను, ఆమె అనుమతి తీసుకోలేదు. అమ్మను "కెప్టెనమ్మా" అని పిలిచేది. ఆ పిలుపు ఎవరు నేర్పారో తెలియదు, అమ్మకు మాత్రం చాలా నచ్చింది. మొదటి వారం అమ్మ ఆమెతో పక్క మళ్ళీ మళ్ళీ వేయించింది. దుప్పటి మూలను కవరు మడతలా మడిచి పరుపు కింద దోపాలి. మధ్యలో అడ్డంగా రబ్బరు షీటు, దాని మీద కాటన్ గుడ్డ, ముడత ఒక్కటి కూడా ఉండకూడదు. "ఆ ముడత రాత్రంతా నడుము కింద ఉంటే తెల్లారేసరికి గీత పడుతుంది, గీత పుండవుతుంది" అని అమ్మ చెబితే, ఆ పిల్ల "గిట్ల ఎవ్వరూ చెప్పలే అమ్మమ్మా" అని తన అరచేత్తో పక్కంతా తడిమి చూసుకునేది. తర్వాత్తర్వాత అమ్మ చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఎయిర్ బెడ్ గురించి ఇక్కడే చెప్పాలి. సంస్థ దాన్ని అద్దెకిచ్చింది. గాలి గదులు ఒకటి విడిచి ఒకటి పొంగి తగ్గుతుంటాయి కాబట్టి ఒత్తిడి ఒకేచోట పడదు. చాలామంది ఎయిర్ బెడ్ ఉంది కదా, ఇక తిప్పక్కర్లేదు అనుకుంటారు. అది ప్రమాదం. ఈ సంస్థలో బెడ్ ఉన్నా తిప్పడం మానలేదు. గోడకు ఒక కాగితం అంటించారు: టైము, ఎడమ, వెల్లకిలా, కుడి, ఎవరు తిప్పారు. సూపర్‌వైజర్ నర్సు వచ్చినప్పుడల్లా ముందు ఆ కాగితం చూసేది, తర్వాత మడమ చూసేది. రెండూ కలవకపోతే కాగితాన్ని నమ్మేది కాదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హోమ్ నర్సింగ్‌లో డబ్బు పెట్టాల్సింది అటెండెంటు మీద కాదు, ఆమె మీద ఉండే పర్యవేక్షణ మీద. ఎంత మంచి అమ్మాయైనా, ఒంటరిగా వదిలేస్తే నెల తిరిగేసరికి అలసిపోతుంది, అడుగు తప్పుతుంది. ఆమెకు చెప్పేవాళ్ళు, ఆమె అడగగలిగేవాళ్ళు ఉండాలి. మిలిటరీ వార్డు నడిచింది అలాగేనని అమ్మ అనేది. ఈ సంస్థలో ఆ సూపర్‌వైజర్ నర్సు ప్రతివారం వచ్చింది, తెల్లవారుజామున ఫోన్ చేసినా ఎత్తింది. పక్షవాతం వచ్చాక మింగడం కష్టమైనప్పుడు, నీళ్ళకంటే చిక్కటి రాగిజావ సురక్షితమని, తల వైపు ఎత్తి కూర్చోబెట్టి చెంచాతో పెట్టాలని, తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదని నాకూ మా తమ్ముడికీ చేసి చూపించింది. డాక్టరు రాసిచ్చిన చీటీలో అది ఒక్క లైను. దాన్ని నేర్చుకోవడానికి మాకు ఒక పూట పట్టింది.

యూరిన్ క్యాథెటర్ మార్చడానికి కూడా నర్సే వచ్చేది. అటెండెంటు చేత చేయించలేదు. ఇది చాలా ముఖ్యం. స్నానం, తిండి, తిప్పడం అటెండెంటు పని. క్యాథెటర్, ఇంజెక్షన్, ముక్కు ద్వారా వేసే ట్యూబు, గాయం డ్రెస్సింగు నర్సు పని. ఖర్చు తగ్గుతుందని అటెండెంటు చేతే అన్నీ చేయిస్తామనే సంస్థలు ఉన్నాయి. వద్దు.

ఇప్పుడు నచ్చనివి.

సంక్రాంతికి ఆ ఖమ్మం అమ్మాయి ఊరెళ్ళినప్పుడు పంపిన బదిలీ మనిషి చేతులూపుకుంటూ వచ్చింది. మందులేవో, ఏ పక్కకు ఎప్పుడు తిప్పారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అమ్మకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. "హ్యాండోవర్ లేకుండా డ్యూటీ మారుతుందా? పేషెంటు మంచం పక్కన నిలబడి ఒకరు ఇంకొకరికి అప్పజెప్పాలి" అంది. నేను ఆఫీసుకు ఫోన్ చేస్తే సారీ చెప్పారు. సూపర్‌వైజర్ సాయంత్రం వచ్చి అన్నీ రాసి ఇచ్చింది. పండగ సెలవులు ముందే తెలుస్తాయి కదా, అప్పజెప్పడానికి ఒక పూట ఇద్దరినీ ఉంచడం పెద్ద పనికాదు.

రెండోది, ఇంతకంటే పెద్దది. 24 గంటల డ్యూటీ అనే ప్యాకేజీ. నెలకు మేం కట్టింది 30 వేలు. దానికి ఒక్క మనిషే రాత్రింబవళ్ళు ఉంటుంది. రాత్రి రెండు గంటలకోసారి లేచి తిప్పి, పగలంతా పని చేయడం ఏ మనిషి వల్లా కాదు. అమ్మ మొదటి నెలలోనే నన్ను పిలిచి, "ఆ పిల్ల కళ్ళు చూశావా? నిద్రలేని నర్సు చేతిలో మందు తప్పుతుంది. పన్నెండు గంటలు చాలు. రాత్రికి ఇంకొకరిని పెట్టండి, లేదా మీరు లేవండి" అంది. రాత్రుళ్ళు మేమే వంతులు వేసుకున్నాం. పగలు మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు గంటలు ఆ అమ్మాయి పక్క గదిలో తలుపు వేసుకుని పడుకోవాలని అమ్మ ఆర్డరు. పిల్లల కోసం ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసిన మనిషి అది. నిద్ర విలువ ఆమెకంటే ఎవరికి తెలుసు?

మేం కట్టిన దాంట్లో అమ్మాయి చేతికి వెళ్ళేది 18 వేలని ఆమె చెప్పింది. సూపర్‌వైజర్ జీతం, శిక్షణ, ఆఫీసు ఖర్చు ఉంటాయని ఒప్పుకుంటాను. అయినా ఆ తేడా ఎక్కువ. పని చేసే చేతికి ఇంకాస్త చేరాలి. ఈ మాట యాజమాన్యంతో ఎదురుగా చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. 24 గంటల ప్యాకేజీని ఇద్దరు మనుషులతో ఇస్తే ధర పెరిగినా నేను కట్టేదాన్ని. కట్టలేనివాళ్ళకు అసలు సంగతి చెప్పి, రాత్రి బాధ్యత కుటుంబానిదని ముందే ఒప్పందంలో రాయాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పగలను. అమ్మ మంచం మీద గడిపిన కాలమంతా ఆమె ఒంటి మీద ఒక్క పుండు కూడా పడలేదు. ఆఖరి వారంలో చూడ్డానికి వచ్చిన డాక్టరు అమ్మ వీపు చూసి, "ఎవరు చూస్తున్నారు ఈమెను?" అని అడిగాడు. అమ్మకు అప్పటికి మాట సరిగ్గా రాదు. ఎడమచేత్తో ఆ ఖమ్మం అమ్మాయిని చూపించింది.

అమ్మ పోయిన రోజు ఆఫీసువాళ్ళు డబ్బు మాట ఎత్తలేదు. మంచం, ఎయిర్ బెడ్ తీసుకెళ్ళడానికి మేం పిలిచేదాకా రాలేదు. మిగిలిన రోజులకు కట్టిన డబ్బు, డిపాజిట్టూ అడగకుండానే వెనక్కి వేశారు. సూపర్‌వైజర్ నర్సు స్మశానవాటిక దాకా వచ్చింది.

ఈ సంస్థకు ఫోన్ చేసేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. మొదటి రోజు నర్సు ఇంటికి వచ్చి చూస్తేనే ఒప్పుకోండి. సూపర్‌వైజర్ వారానికోసారి వస్తారని కాగితం మీద రాయించుకోండి, ఆమె చదివింది జీఎన్ఎమ్మో బీఎస్సీ నర్సింగో అడగండి. పండగ ముందు వారమే బదిలీ మనిషిని ఒక పూట పిలిపించుకోండి. రోజుకు పన్నెండు గంటల ప్యాకేజీ తీసుకోండి, రాత్రి ఇంట్లోవాళ్ళు వంతులు వేసుకోండి. అడ్వాన్సు పదిహేను రోజులదే కడతామంటే ఒప్పుకుంటారు, మాకు ఒప్పుకున్నారు.